రాసేదీ వాళ్ళే, విచారించేదీ వాళ్ళే

(పోలీసు వ్యవస్థ - స్త్రీలు అన్న అంశం మీద జరిగిన ఒక రోజు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పోలీసుల జవాబుదారీతనం. ఈ మాటని ఇప్పుడు అందరూ వాడుతున్నారు. మంత్రులు వాడుతున్నారు, పోలీసు అధికారులు కూడా తమ ఉపన్యాసాల్లో వాడుతున్నారు. ఎవరికి జవాబు చెప్పాలి, ఏ కాగితాన్ని ముందు పెట్టుకుని చెప్పాలి అని అడిగితే మాత్రం ఎవరూ తిన్నగా చెప్పరు. లాఠీ గురించి, లాకప్పు గురించి, తుపాకి గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఇంకా మాట్లాడాలి కూడా. ఇవాళ నేను ముఖ్యంగా కాగితం గురించి మాట్లాడదలుచుకున్నాను. ఒంటి మీద దెబ్బలు కొన్ని వారాల్లో మానిపోతాయి. పదేళ్ళ తర్వాత కోర్టు చూసేది కాగితాన్నే. ఆ కాగితం రాసే చెయ్యి పోలీసుది. తమ మీద వచ్చిన ఆరోపణకి కూడా మొదటి అక్షరం రాసేది వాళ్ళే. నలభై అయిదేళ్ళకు పైగా స్త్రీల ఉద్యమం ఎన్నో చట్టాల్ని మార్పించింది గానీ ఈ ఒక్క విషయాన్ని కదిలించలేకపోయిందని నా అభిప్రాయం.

మొదట కొంచెం చరిత్ర. 1854లో బ్రిటిష్ పార్లమెంటులో మద్రాసు ప్రెసిడెన్సీ గురించి ఒక చర్చ జరిగింది. శిస్తు వసూలు కోసం రైతుల్ని హింసిస్తున్నారన్నది విషయం. దాని మీద వేసిన టార్చర్ కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి ఇది మన కథ కూడా. ఆ నివేదికలో రెండు పద్ధతుల పేర్లు పదే పదే వస్తాయి. ఒకటి కిట్టి. అంటే రెండు కర్రల మధ్య వేళ్ళో, ఒంట్లో ఇంకో మెత్తని భాగమో పెట్టి నొక్కటం. రెండోది అనుందాల్. మనిషిని వంచి, తలా కాళ్ళూ దగ్గరికి తెచ్చి తాడుతో కట్టి వదిలేయటం. శిస్తు వసూలు చేసేవాడూ, దొంగతనం విచారించేవాడూ అప్పుడు ఒకే యంత్రాంగంలో ఉండేవాళ్ళు. తహసీల్దారు, అతని కింద బంట్రోతులు. రెండు పనుల్నీ విడదీయాలని కమిషన్ చెప్పింది. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా ఆపిన విషయం ఇంకొకటుంది. హింస జరిగిందని ఒప్పుకుంటూనే, దొరలకి దానితో సంబంధం లేదనీ, అదంతా కింది స్థాయి దేశీయ ఉద్యోగుల పనేననీ తేల్చారు. పై అధికారి మంచివాడు, కానిస్టేబులే మోటువాడు అన్న వాదన పుట్టి నూట డెబ్భై ఏళ్ళయింది. ప్రతి లాకప్ మరణం తర్వాతా పత్రికా ప్రకటనల్లో అదే కనిపిస్తుంది.

తర్వాత 1859లో మద్రాసు ప్రెసిడెన్సీకి పోలీసు చట్టం వచ్చింది. 1861లో దేశం మొత్తానికి ఇంకో చట్టం వచ్చింది. మధ్యలో 1857 జరిగిందని గుర్తు పెట్టుకోవాలి. ఇంగ్లండు పాలకులకి తమ ఇంట్లో లండన్ పోలీసు ఉంది, తమ వలస అయిన ఐర్లండులో సాయుధ పోలీసు ఉంది. మనకి తెచ్చింది రెండో రకం. బ్యారక్‌లో ఉండేది, ఆయుధం పట్టేది, జిల్లా మేజిస్ట్రేటు ద్వారా ప్రభుత్వానికి జవాబు చెప్పేది. కింద ఉన్న ఊరికి జవాబు చెప్పాలన్న ఊహ ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆంధ్ర ప్రాంతంలో 1859 చట్టమే స్వాతంత్ర్యం వచ్చాక కూడా జిల్లా పోలీసు చట్టంగా కొనసాగింది. తెలంగాణది వేరే దారి. ఇక్కడ కొత్వాలు ఉండేవాడు. హైదరాబాదు నగర పోలీసు చట్టం మీద సంవత్సరం ఇప్పటికీ 1348 ఫసలీ అనే ఉంటుంది. అంటే 1938-39. రాజు పోయాడు, ఫసలీ పోయింది, చట్టం ఉంది. దారులు వేరైనా, పోలీసు చూపు పైకి ఉండాలన్న విషయంలో నిజాముకీ తెల్లదొరకీ తేడా లేదు.

ఇక్కడ ఒక సెక్షన్ గురించి చెప్పాలి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాం. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ముందు ముద్దాయి చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. పోలీసుల్ని తయారుచేసిన పాలకులే పోలీసు చేతిలోని కాగితాన్ని నమ్మలేదన్న మాట. ఎలా రాబడతారో వాళ్ళకి తెలుసు కాబట్టి. అయితే ముందు తలుపు మూసి పక్క తలుపు తెరిచారు. అదే 27వ సెక్షన్. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. అప్పటినుంచి మన దేశంలో నేర పరిశోధన అంటే చాలా వరకు 'వస్తువు బయటపెట్టించటం' అయిపోయింది. ముద్దాయిని వస్తువు దగ్గరికి తీసుకెళ్ళటం, పంచుల చేత సంతకాలు పెట్టించటం. 2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు సెక్షన్ల నంబర్లు మారాయి. ఈ రెండు తలుపులూ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు మన ఉద్యమం మొదలైన చోటికి వస్తాను. ఇక్కడున్న చిన్నవాళ్ళలో చాలామంది రమీజాబీ పేరు విని ఉండకపోవచ్చు. 1978 మార్చి, హైదరాబాదు. సినిమా చూసి రాత్రివేళ భర్తతో తిరిగి వస్తున్న ఆమెని, వ్యభిచారం కోసం తిరుగుతోందన్న నెపం మీద నల్లకుంట పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళారు. ఆమె మీద అక్కడి పోలీసులు అత్యాచారం చేశారు. భర్త అహ్మద్ హుస్సేన్ రిక్షా తొక్కేవాడు. అడిగినందుకు అతన్ని కొట్టారు. అతను చనిపోయాడు. శవాన్ని తీసుకుని జనం స్టేషను ముందుకొచ్చారు. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. నగరమంతా అట్టుడికింది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్‌తో ఏకసభ్య కమిషన్ వేయక తప్పలేదు.

ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఏమిటి? ఆ రాత్రి స్టేషనులో ఏం జరిగిందన్న దాన్ని పక్కన పెట్టి, రమీజాబీ ఎలాంటిదన్న దాని మీదే కేసంతా నడిపారు. ఆమెకి ఇంతకు ముందు ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయి, ఈ పెళ్ళి చెల్లుతుందా చెల్లదా, ఆమె వ్యభిచారిణి అవునా కాదా. సాక్షుల్ని తెచ్చి నిలబెట్టారు. ఆమె పేదది, ముస్లిం, చదువు లేనిది. ఏ స్త్రీ గురించైనా స్టేషనులో ఒక ఫైలు ఉన్నట్టు చూపించటానికి పోలీసులకి ఎంత సేపు పడుతుంది? జస్టిస్ ముక్తదర్ ఆ వాదనని ఒప్పుకోలేదు. అత్యాచారం, హత్య జరిగాయనీ, పోలీసుల్ని ప్రాసిక్యూట్ చేయాలనీ చెప్పారు. అయితే కమిషన్ కనుగొన్నది సాక్ష్యం కాదు కదా. కేసుని కర్ణాటకలోని రాయచూరు కోర్టుకి మార్చారు. 1981లో అందర్నీ నిర్దోషులుగా వదిలేశారు. నగరం మొత్తానికి తెలిసిన విషయం కోర్టు కాగితం మీదికి చేరలేదు.

1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మథుర కేసులో తీర్పిచ్చింది. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషనులో ఒక ఆదివాసీ బాలిక మీద ఇద్దరు పోలీసులు చేసిన అత్యాచారం కేసు అది. సెషన్స్ కోర్టు వదిలేసింది, బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి శిక్ష వేసింది, సుప్రీంకోర్టు మళ్ళీ వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, అరిచిన దాఖలా లేదు, కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నారు. స్టేషను తలుపు మూసి దీపం ఆర్పిన చోట, బయట అన్నగారు ఎదురు చూస్తుండగా, ఆ పిల్ల ఎవరికి వినిపించేటట్టు అరవాలి? 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధుల్లోకొచ్చారు. ఆ ఒత్తిడి వల్లనే 1983లో చట్టం మారింది. పోలీసు అధికారి చేసిన అత్యాచారానికి కనీసం పదేళ్ళ శిక్ష పెట్టారు. కస్టడీలో సంపర్కం జరిగిందని రుజువై, స్త్రీ తాను ఒప్పుకోలేదని చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలన్న నియమం పెట్టారు. ఇది చిన్న విజయమేమీ కాదు. ఆనాడు కరపత్రాలు పంచినవాళ్ళు కొందరు ఈ హాల్లోనే ఉన్నారు.

కాని 'సంపర్కం జరిగిందని రుజువై' అన్న మాటలు ఇంకోసారి చదవండి. రుజువు ఎవరు సేకరించాలి? బట్టలు ఎవరు స్వాధీనం చేసుకోవాలి? డాక్టరు దగ్గరికి ఎవరు, ఎన్నో రోజున పంపాలి? నిందితుల్ని వరసలో నిలబెట్టి గుర్తుపట్టమని ఎవరు అడగాలి? 1983 చట్టం సాక్ష్యాన్ని చూసే కోర్టు కంటిని మార్చింది. సాక్ష్యం పోగుచేసే చేతిని ముట్టుకోలేదు.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత విశాఖ ఏజెన్సీలో ఇదే ప్రశ్న మన ముందుకొచ్చింది. జి.మాడుగుల మండలం వాకపల్లి. అది ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 2007 ఆగస్టు 20 ఉదయం గ్రేహౌండ్స్ దళం కూంబింగుకి వచ్చినప్పుడు తమ మీద సామూహిక అత్యాచారం జరిగిందని పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు చెప్పారు. చెప్పింది ఒకరు కాదు, పదకొండు మంది. పేర్లతో, తేదీతో. రమీజాబీ విషయంలో శీలం అడ్డం వచ్చింది. వాకపల్లి విషయంలో మావోయిస్టులు చెప్పించారన్న మాట అడ్డం వచ్చింది. మన దగ్గర స్త్రీ నోట మాటకి ఎప్పుడూ ఇంకెవరో యజమాని ఉండాలి.

ఆ కేసు విచారణ మొదలవటానికే పదేళ్ళు పైన పట్టింది. హైకోర్టు చుట్టూ, సుప్రీంకోర్టు చుట్టూ తిరిగింది. దళంలో ఇరవై ఒక్క మంది ఉంటే చివరికి పదమూడు మంది మీద విచారణ నడిచింది. 2017లో సుప్రీంకోర్టు ఆ విచారణని ఆపటానికి ఒప్పుకోక, త్వరగా ముగించమంది. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 2023 ఏప్రిల్ 6న తీర్పిచ్చింది. పదమూడు మందీ నిర్దోషులు. అయితే ఆ తీర్పుని కొంచెం జాగ్రత్తగా చదవాలి. నిర్దోషులుగా వదలటానికి దర్యాప్తు సరిగా చేయకపోవటమే కారణమని కోర్టు చెప్పింది. గుర్తింపు పరేడ్ జరపలేదని చెప్పింది. దర్యాప్తు అధికారి మీద చర్యకి సిఫారసు చేసింది. ఆ స్త్రీలకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా నష్టపరిహారం ఇవ్వమని చెప్పింది. అంటే న్యాయమూర్తి దృష్టిలో ఆ స్త్రీలు నష్టపోయారు. కాని నష్టం చేసినవాడు కాగితం మీద లేడు. ఎందుకు లేడంటే, అతన్ని కాగితం మీద పెట్టాల్సింది అతని శాఖే. గుర్తింపు పరేడ్ జరపటానికి ప్రత్యేకమైన విజ్ఞానమేమీ అక్కర్లేదు. ప్రతి చిల్లర దొంగతనం కేసులోనూ జరుపుతారు. 1981 రాయచూరుకీ 2023 విశాఖపట్నానికీ మధ్య ఎన్ని కొత్త చట్టాలొచ్చాయో లెక్కపెట్టి చూడండి.

ఇవి పెద్ద కేసులు. పేపర్లకి ఎక్కినవి. నా పరిశోధన ఎక్కువగా పేపర్లకి ఎక్కని వాటి మీద జరిగింది. కొన్నేళ్ళ పాటు వివిధ జిల్లాల్లో స్టేషన్ల వరండాల్లో బెంచీల మీద కూర్చున్నాను. స్టేషనులో అందరికంటే ముఖ్యమైన మనిషి ఎస్.ఐ. అని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చూసినంతలో ముఖ్యమైన మనిషి రైటరు. మామూలుగా ఒక హెడ్ కానిస్టేబులు. వచ్చిన ఫిర్యాదు పిటిషనుగా ఉండిపోతుందా, ఎఫ్.ఐ.ఆర్. అవుతుందా, ఏ సెక్షను పడుతుంది, 'కొట్టాడు' అన్న మాట 'గొడవపడ్డాడు'గా మారుతుందా అన్నవి చాలా మటుకు ఆ బల్ల దగ్గర తేలిపోతాయి. జనరల్ డైరీ అతని దగ్గరే ఉంటుంది. ప్రతి స్టేషనులోనూ ఆ డైరీ పెట్టి, వచ్చిన ఫిర్యాదులూ అరెస్టయిన వాళ్ళ పేర్లూ అందులో రాయాలని 1861 చట్టం 44వ సెక్షన్ చెప్పింది. వలస పాలకులు తమ కింది ఉద్యోగుల మీద నిఘా కోసం పెట్టుకున్న పుస్తకం అది. పై అధికారి చూడటానికే ఉద్దేశించింది. ఫిర్యాదు చేసిన మనిషి చూడాలన్న ఆలోచనే దాని పుట్టుకలో లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఊరి పేరు చెప్పను. బీడీలు చుట్టే ఒక స్త్రీ, ముప్పయ్యేళ్ళ లోపు మనిషి, భర్త చెయ్యి విరగ్గొడితే కట్టుతోనే స్టేషనుకొచ్చింది. తన మాటల్లో తాను చెప్పింది. 'రోకలి తీసుకుని ఏశిండు. ఇరిగిన చెయ్యితోని రాత్రంతా బయటనే కూసున్న. బీడీల పైసలు ఇయ్యనందుకే' అంది. తిథీ వారమూ కూడా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. వారం తర్వాత ఆమెకి ఇచ్చిన కాగితంలో ఉన్నది: 'భార్యాభర్తల మధ్య చిన్నపాటి మనస్పర్థలు. పెద్దల సమక్షంలో కౌన్సెలింగ్ చేయగా ఇరువురూ రాజీపడినారు.' కింద ఆమె వేలిముద్ర. రోకలి పోయింది, చెయ్యి పోయింది, బీడీల డబ్బు పోయింది. ఆమె మాటల్లో ఒక్కటీ ఆ కాగితంలో మిగల్లేదు. రేపు ఆమె చనిపోతే ఇదే కాగితం 'గతంలో రాజీ కుదిరింది' అని భర్త తరఫున కోర్టుకొస్తుంది.

రైటర్లందరూ చెడ్డవాళ్ళని నేననటం లేదు. ఎఫ్.ఐ.ఆర్.ల సంఖ్య పెరిగితే పై నుంచి తిట్లు పడతాయి. 'మీ లిమిట్సులో నేరాలు పెరుగుతున్నాయేం' అని సమీక్షా సమావేశంలో అడుగుతారు. అందుకని రాయకపోవటం వాళ్ళ ఉద్యోగ ధర్మంలో ఒక భాగమైపోయింది. చూపు పైకి ఉన్న వ్యవస్థ ఇలాగే పని చేస్తుంది.

స్టేషనులో పలకరింపు గురించి కూడా ఒక మాట. నా అవగాహనలో కులమూ వర్గమూ అంత స్పష్టంగా వినిపించే చోటు ఇంకొకటి లేదు. కారు దిగిన స్త్రీకి 'రండి మేడమ్, కూర్చోండి'. ఆటో దిగిన ఆమెకి 'ఏందమ్మా'. నడిచి వచ్చిన ఆమెకి 'ఏందే'. ఆ చివరి ఆమె చేతిలో కాగితం లేకపోతే 'పిటిషను రాయించుకు రాపో' అంటారు. ఫిర్యాదు నోటితో చెప్పినా పోలీసే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆమెకది తెలియదు. తెలిసిన రైటరు చెప్పడు. స్టేషను ఎదురుగా పిటిషన్లు రాసిపెట్టే మనిషికి వందో రెండొందలో ఇచ్చి, మళ్ళీ ఆమె మాట ఇంకొకరి భాషలోకి మారి లోపలికి వెళుతుంది.

2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు కాగ్నిజబుల్ నేరమని కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. రాయక తప్పదని చెప్పింది. మనం సంతోషించాం. అదే తీర్పులో వివాహ వివాదాల్లో ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చన్న మినహాయింపు ఉంది. కొత్త నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ దీన్ని ఇంకా వెడల్పు చేసింది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డి.ఎస్.పి. అనుమతితో పద్నాలుగు రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. భర్త, అత్తమామల క్రూరత్వానికి శిక్ష మూడేళ్ళ దాకా. మనం 498-ఎ అని పిలుచుకున్న ఆ నేరం సరిగ్గా ఆ గీత మీద పడింది. చెయ్యి విరిగిన ఆడది పద్నాలుగు రోజులు ఎక్కడుండాలి? కొట్టినవాడి ఇంట్లోనే గదా. ఆ పద్నాలుగు రోజుల్లో జరిగేదాన్నే వాళ్ళు కౌన్సెలింగ్ అంటున్నారు. ఏ స్టేషనులోనైనా నేరం రాయించుకునే జీరో ఎఫ్.ఐ.ఆర్.ని ఇదే సెక్షన్ చట్టంలోకి తెచ్చింది, అది మంచిదే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవటం మనకి కొత్తగాదు.

లైంగిక నేరాల్లో ఎఫ్.ఐ.ఆర్. రాయని అధికారికి ఆరు నెలలకి తగ్గకుండా రెండేళ్ళ దాకా జైలు శిక్ష అని 2013లో పెట్టారు. కొత్త న్యాయ సంహితలో అది 199వ సెక్షన్. మంచి సెక్షను. ఆ కేసు ఎవరు రాయాలి? ఇంకో స్టేషను రైటరు.

'మహిళా పోలీసులుంటే ఇవన్నీ పోతాయి కదా' అని ప్రతి సభలోనూ అడుగుతారు. దేశంలో మొదటి మహిళా పోలీసు స్టేషను 1973లో కేరళలోని కోజికోడులో పెట్టారు. తెలంగాణలో షీ టీములు 2014 అక్టోబరులో మొదలయ్యాయి. స్త్రీని చూసి స్త్రీ కొంచెం ధైర్యంగా మాట్లాడుతుందన్నది నిజమే. కాని ఆ మహిళా కానిస్టేబులు కూడా పైకే చూస్తుంది. బందోబస్తుకి వేస్తే పన్నెండు గంటలు రోడ్డు మీద, బాత్రూము లేకుండా నిలబడుతుంది. ఆమెని మనవైపు మనిషిగా చూడాలంటే ముందు ఆమె ఉద్యోగం గురించి మనం మాట్లాడాలి. ఇది వేరే సభకి సరిపడే విషయం, వదిలేస్తున్నాను.

ఇప్పుడు కష్టమైన విషయానికి వస్తాను. దీని మీద మన సంఘాల్లోనే అభిప్రాయభేదాలున్నాయి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపేశారు. ఆ రాత్రి ఆమె కుటుంబం స్టేషనుకి వెళితే, 'ఇది మా లిమిట్సులోకి రాదు' అన్న మాటతో విలువైన గంటలు పోయాయని వాళ్ళు చెప్పారు. ముగ్గురు పోలీసుల్ని సస్పెండు చేశారు కూడా. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ జనంలో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోపం నాకర్థమవుతుంది. ప్రతి రోజూ కూతుర్ని కాలేజీకి పంపే తల్లి భయం నాకర్థమవుతుంది. కాని ఆ పూల కింద పడి కనిపించకుండా పోయింది ఆ మొదటి రాత్రి. 'మా లిమిట్సు కాదు' అన్న శాఖే వారం రోజుల తర్వాత వీరుల శాఖ అయిపోయింది. ఇక ఎవరూ ఆ రాత్రి గురించి అడగలేదు.

ఆ నలుగుర్నీ అక్కడికి ఎందుకు తీసుకెళ్ళారు? ఆమె వస్తువులు బయటపెట్టించటానికని పోలీసులు చెప్పారు. నేనిందాక చెప్పిన పక్క తలుపు ఇదే. వాళ్ళు తుపాకులు లాక్కుని కాల్చారనీ, ఆత్మరక్షణకి తాము కాల్చామనీ కాగితం రాశారు. మన సంఘాల వాళ్ళు కొందరు అదే రోజు హైకోర్టుని కదిలించారు. అందుకు ఫోన్లలో వాళ్ళు పడ్డ తిట్లు ఇక్కడ చెప్పదగ్గవి కావు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక ఇచ్చింది, మే నెలలో అది బయటికొచ్చింది. పోలీసుల కథని కమిషన్ నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలనీ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. కొందరు మిత్రులు నాతో వాదిస్తారు: 'ఆ దుర్మార్గుల కోసం మనమెందుకు?' అని. నేను అడిగేది వాళ్ళ కోసం కాదు. ఆ నలుగురే నేరస్తులని మనకి చెప్పిన కాగితమూ పోలీసుదే, వాళ్ళు ఎలా చనిపోయారో చెప్పిన కాగితమూ పోలీసుదే. రెండో కాగితం అబద్ధమని కమిషన్ చెప్పింది. మొదటి కాగితాన్ని పరీక్షించే అవకాశం ఏ కోర్టుకీ లేకుండా పోయింది. చనిపోయిన ఆ అమ్మాయికి విచారణ దక్కలేదు. వాకపల్లిలో పదకొండు మంది మాటని కాగితం మీద నిలబెట్టలేని శాఖ, చటాన్‌పల్లిలో ఒక్క ఉదయంలో తీర్పు రాసేసింది.

పరిష్కారాల గురించి కోర్టులు చెప్పినవి చాలా ఉన్నాయి. 1996 డిసెంబరులో డి.కె.బసు కేసులో అరెస్టు మెమో ఉండాలనీ, బంధువులకి చెప్పాలనీ, నలభై ఎనిమిది గంటలకోసారి డాక్టరు చూడాలనీ ఆదేశించారు. కస్టడీలో మరణం, అత్యాచారం జరిగితే జుడీషియల్ మేజిస్ట్రేటే విచారించాలని 2005లో చట్టాన్ని సవరించారు. సూర్యాస్తమయం తర్వాత స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. సాక్షిగా స్త్రీని విచారించాలంటే ఆమె ఇంటికే రావాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో, పోలీసుల మీద ఫిర్యాదులు వినటానికి రిటైరైన న్యాయమూర్తుల అధ్యక్షతన రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి స్వతంత్ర సంస్థలు ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది పోలీసు శాఖలో పెద్ద పదవులు చేసిన అధికారులే. మన రెండు రాష్ట్రాల్లోనూ అవి ఏళ్ళ తరబడి వాయిదా పడుతూ వచ్చాయి. పోలీసు చేతిలోంచి కలాన్ని కొంచెమైనా పక్కకి జరిపే ఏర్పాటు ఇదొక్కటే. బహుశా అందుకే ఆలస్యమయింది.

ఇన్ని ఉన్నా, 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషనులో, వంటపని చేసుకునే ఒక దళిత స్త్రీ దొంగతనం ఆరోపణ మీద విచారణలో ఉండగా చనిపోయింది. హైకోర్టు జోక్యంతో రెండోసారి పోస్టుమార్టం జరిగింది. ముగ్గురు పోలీసుల్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేయటం శాఖ తీసుకునే చర్య. ఆమెని ఎవరు, ఎందుకు, ఎలా చంపారో అది చెప్పదు.

మధ్యాహ్నం మీరు గుంపులుగా కూర్చుని చర్చించేటప్పుడు ఈ కాగితాల సంగతి ముందు పెట్టుకోమని కోరుతున్నాను. మన సహాయ కేంద్రాలకి వచ్చే స్త్రీలని మనం ముందుగా 'ఏం జరిగింది' అని అడుగుతాం. దానితోపాటు 'నీ చేతికి ఏ కాగితం ఇచ్చారు' అని కూడా అడగాలి. ఆమె మాటని ఆమె మాండలికంలోనే, ఆ రోజే, మనం రాసి పెట్టాలి. తేదీ వేసి, ఒక నకలు రిజిస్టర్డ్ పోస్టులో ఎస్.పి.కి పంపాలి. స్టేషను ఎఫ్.ఐ.ఆర్. రాయకపోతే ఎస్.పి.కి, ఆ తర్వాత మేజిస్ట్రేటుకి వెళ్ళే దారి ఆ పోస్టు రసీదుతోనే మొదలవుతుంది. రాజీ కాగితం మీద చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకుంటే ఆ సంగతి కూడా అదే వారంలో రాసి పంపాలి. ఇంకొకటి. 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషనులోనూ, లాకప్పులతో సహా, కెమెరాలు పెట్టాలనీ, రికార్డింగు ఆరు నెలలకి తగ్గకుండా ఉంచుతారనీ, హక్కులు దెబ్బతిన్నవాళ్ళు దాన్ని భద్రపరచమని అడగొచ్చనీ స్టేషను గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊరి స్టేషనులో ఆ బోర్డు ఉందేమో, ఏ భాషలో ఉందో, వచ్చే సమావేశానికి చూసి రండి.